ఇలియోస్టమీతో గర్భం: వచ్చే చిక్కులు, వాటిని చూసుకునే పద్ధతి

గర్భం నిలిచిందని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తలు మనందరికీ కంఠతా వచ్చు. మంచినీళ్ళు బాగా తాగమంటారు, రోజుకో కొబ్బరిబోండాం తాగమంటారు, కాళ్ళు వాచాయంటే ఉప్పు తగ్గించమంటారు, పళ్ళూ ఆకుకూరలూ పీచుతో సహా తినమంటారు, విరేచనం కాకపోతే ఒక మాత్ర వేసుకోమంటారు. ఇవన్నీ పెద్దపేగు పనిచేస్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని చెప్పే మాటలు. ఇలియోస్టమీ, అంటే చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టిన దారి, ఉన్న గర్భిణికి వీటిలో కొన్ని పనికిరావు, కొన్ని నేరుగా కీడు చేస్తాయి. స్టోమా (పొట్ట మీద కనబడే ఆ పేగు నోరు) ఉన్నవారికి, దాని మీద అతికించుకునే బ్యాగు మార్చుకోవడం నేర్పే నర్సుగా నేను చూసినంతవరకు, స్టోమా ఉన్నందువల్ల గర్భానికి వచ్చిన ఇబ్బంది కంటే, ప్రేమతో చెప్పిన ఈ మామూలు సలహాలను అలాగే పాటించినందువల్ల వచ్చిన ఇబ్బందే ఎక్కువ. ఇలియోస్టమీతో బిడ్డను కనడం సాధ్యమే, చాలామంది మామూలు కాన్పుతోనే కంటున్నారు. అయితే ఏ సలహా తమకు వర్తిస్తుందో, దేన్ని తిరగేసి చదువుకోవాలో వారికి తెలిసి ఉండాలి. ఇక్కడ రాసినది మీ డాక్టరు మాటకు బదులు కాదు, ఆయనను ఏమి అడగాలో, ఆయన దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో తెలియడానికి మాత్రమే.

పెద్దపేగు లేని లోటు ఏమిటి

పెద్దపేగును తీసివేసినప్పుడో, దానికి కొంతకాలం విశ్రాంతి ఇవ్వవలసి వచ్చినప్పుడో చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీదికి, సాధారణంగా బొడ్డుకు కుడివైపు కిందుగా, తెచ్చి కుట్టడాన్ని ఇలియోస్టమీ అంటారు. పేగులు వాచి పుండ్లు పడే జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి, వంశంలో వచ్చే పాలిప్స్ జబ్బు, మన ప్రాంతాల్లో వీటితో పాటు పేగు క్షయ, టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడడం దీనికి కారణాలవుతాయి. పేగు అంచును చొక్కా చేతిని మడిచినట్టు వెనక్కి తిప్పి కుట్టే పద్ధతిని 1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ ప్రచురించాడు. అందువల్లనే నేటి స్టోమా చర్మం కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా, చిన్న ముక్కులాగా నిలబడి, పడవలసినది చర్మం మీద కాకుండా బ్యాగులో పడేలా చేస్తుంది. ఈ ఎత్తు సంగతి గుర్తుంచుకోండి, నెలలు పెరిగే కొద్దీ దీనితోనే పని పడుతుంది.

ఆహారంలోని నీటినీ ఉప్పునూ చివరిగా పీల్చుకునేది పెద్దపేగు. ఆ పని జరగనప్పుడు స్టోమా నుంచి వచ్చే ప్రతి లీటరుతో పాటు సుమారు 6 గ్రాముల ఉప్పు శరీరం నుంచి వెళ్ళిపోతుంది. ఆపరేషను జరిగి కుదుటపడిన మనిషిలో రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు, కొందరిలో లీటరు దాకా, పలచటి జావలాగా వస్తుంది. అంతవరకు ఉప్పుగా తిని, తగినంత తాగితే లెక్క సరిపోతుంది. గర్భంలో రక్తం పరిమాణం పెరగాలి, ఉమ్మనీరు చేరాలి, బిడ్డకు అందాలి; అంటే ఖర్చు అలాగే ఉండగా అవసరం పెరుగుతుంది. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

గర్భానికి ముందే వీలైతే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆపరేషను తరువాత కనీసం ఒక ఏడాది ఆగమని సర్జన్లు సాధారణంగా చెబుతారు. కొలైటిస్ లేదా క్రోన్స్ ఉన్నవారిలో జబ్బు అణిగి కొన్ని నెలలైనా గడిచాక గర్భం ధరిస్తే కాన్పు సాఫీగా సాగే అవకాశం ఎక్కువ. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు గర్భానికి కొన్ని నెలల ముందే డాక్టరు చెప్పిన ప్రకారం దానిని మానుకోవాలి, ఎందుకంటే అది పిండానికి హాని చేస్తుంది. కానీ మెసలమీన్, అజథయోప్రిన్ వంటి మందులను "కడుపుతో ఉన్నానుగా" అని సొంతంగా ఆపడం పొరపాటు. జబ్బు తిరగబెట్టడమే బిడ్డకు పెద్ద ముప్పు.

ఉప్పూ నీరూ

మొదటి మూడు నెలల్లో వేవిళ్ళు చాలామందికి వస్తాయి. మామూలు గర్భిణి రెండు రోజులు వాంతులు చేసుకున్నా మూడో రోజు తేరుకుంటుంది. ఇలియోస్టమీ ఉన్నామెకు పైనుంచి వాంతి, కింద బ్యాగు, రెండు దారులు తెరిచి ఉంటాయి కనుక ఒక్కరోజులోనే ఒళ్ళు ఎండిపోతుంది. అందువల్ల వేవిళ్ళకు మందు అడగడానికి మొహమాటపడకూడదు, "అందరికీ ఉండేదేగా" అనే మాటతో సరిపెట్టుకోకూడదు.

ఇక మంచినీళ్ళ సంగతి. దాహం వేసినప్పుడు చెంబుడు నీళ్ళు తాగడం మనకు అలవాటు. ఉప్పు లేని నీరు చిన్నపేగులోకి చేరినప్పుడు, పేగు తన గోడలలోనుంచి ఉప్పును ఆ నీటిలోకి వదిలి దానిని రక్తంతో సమానం చేసుకోవాలని చూస్తుంది. కిందుగా పెద్దపేగు ఉంటే ఆ ఉప్పు తిరిగి లోపలికి వస్తుంది, లేకపోతే నీటితో పాటు బ్యాగులో పడుతుంది. దాహం వేస్తే తాగడం, తాగితే బ్యాగు నిండడం, బ్యాగు నిండితే మళ్ళీ దాహం: ఈ గానుగ తిరుగుడు ఒకసారి మొదలైతే ఎంత తాగినా నాలుక తడి ఆరదు. స్టోమా నుంచి ఎక్కువగా పోతున్న రోజుల్లో మంచినీళ్ళు, టీ, పళ్ళరసాలు అన్నీ కలిపి అర లీటరు నుంచి లీటరు లోపు ఉంచి, మిగిలినది ఉప్పు కలిసిన ద్రావణంగా తాగమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. అన్నంతో పాటు తాగకుండా, భోజనానికి అరగంట ముందో తరువాతో కొద్దికొద్దిగా తాగితే లోపల నిలుస్తుంది.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మీరు పోగొట్టుకునేది ముఖ్యంగా సోడియం. కాబట్టి అది రుచి కోసం తాగదగినదే కానీ నీరసానికి మందు కాదు. గ్లూకోజు నీళ్ళు, కూల్‌డ్రింకులు, తీపి పళ్ళరసాలు మరీ నష్టం, చక్కెర పేగులోకి నీటిని లాగి బ్యాగును నింపుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే, సాధారణంగా ఒక లీటరులో, కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్టు అందాజుగా పోసుకోవడం కుదరదు. మందుల దుకాణంలో ఓఆర్‌ఎస్ అనగానే రంగురంగుల తీపి పానీయం డబ్బా చేతిలో పెట్టే అలవాటు మన దగ్గర చాలాకాలం సాగింది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడిన తరువాత, ఆ ఫార్ములాకు సరిపోని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్టు తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ఉందో లేదో చూసుకోండి. బ్యాగులో మరీ ఎక్కువగా పోతున్నవారికి అంతకంటే ఉప్పు ఎక్కువగా ఉండే ద్రావణం కావలసి వస్తుంది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరుతో వాడుకలో ఉన్న దానిలో లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా ఉంటాయి. దీనిని డాక్టరు చెబితేనే, చెంచాలతో కాకుండా తూకంతో, కలుపుకోవాలి. గర్భంలో షుగరు వచ్చినవారూ బీపీ ఉన్నవారూ ముందుగా అడగాలి.

ఓఆర్‌ఎస్ రుచి వేవిళ్ళ రోజుల్లో వెగటు పుట్టిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా, రెండు గుక్కల చొప్పున తాగితే దిగుతుంది. ఒంట్లో బాగున్న రోజుల్లో అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని తాగడం, ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగ, చారు మన ఇంట్లోనే ఉన్న మంచి దారులు. మన అమ్మమ్మలు గంజిని పారబోయకుండా ఉంచింది దీనికోసం కాకపోయినా, ఇలియోస్టమీ ఉన్నవారికి ఆ అలవాటు అచ్చొచ్చింది.

కొలవకుండా ఏదీ తెలియదు. మందుల దుకాణంలోనో వంటసామాను దుకాణంలోనో దొరికే, మిల్లీలీటరు గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి స్నానాలగదిలో పెట్టుకుని, వారానికి రెండు రోజులు, అనుమానం ఉన్నప్పుడు రోజూ, బ్యాగులోనిది అందులోకి వంచి కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రోజుకు ఒకటిన్నర లీటరు దాటితే అది ఎక్కువే. అలా రెండో రోజూ కొనసాగితే డాక్టరుకు ఫోను చేయాలి. రెండు లీటర్లు దాటినా, మూత్రం ముదురు పసుపులో చాలా తక్కువగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, పిక్కలు పట్టేసినా, నోరు ఎండిపోయి నాలుక అంటుకుంటున్నా ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ ఎక్కించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి బిగుసుకుని ముందే నొప్పులు రావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రంలో సోడియం ఎంత ఉందో చూసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. రక్తపరీక్ష మామూలుగానే ఉన్నప్పుడు కూడా ఒంట్లో ఉప్పు తరిగిపోతున్న సంగతిని అది ముందుగా పట్టిస్తుంది, అడిగి చేయించుకోవడం మంచిది. ఏప్రిల్, మే ఎండల్లో నెలలు మోసేవారికి ఈ లెక్క ఇంకా బిగుతుగా ఉండాలి.

కాళ్ళ వాపు కనబడగానే ఉప్పు మానేయడం ఈ స్థితిలో చేయకూడని పని. గర్భంలో కాళ్ళు కొద్దిగా వాచడం సహజం. బీపీ పెరిగి, తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే అది వేరే విషయం, దానికి చికిత్స ఉప్పు మానడం కాదు, వెంటనే డాక్టరుకు చూపించుకోవడం. ఒకే కాలు వాచి పిక్క నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. పేగు జబ్బు ఉన్నవారికీ, ఒంట్లో నీరు తగ్గినవారికీ ఆ ప్రమాదం ఎక్కువ.

చిక్కబరచడానికి తెల్లన్నం, అరటిపండు, ఉడికించిన బంగాళదుంప, సగ్గుబియ్యం, ఇడ్లీ ఉపయోగపడతాయి. లోపెరమైడ్ మాత్రలు పేగు కదలికను నెమ్మదింపజేస్తాయి. కొన్ని సందర్భాల్లో గర్భంలో కూడా డాక్టర్లు వాటిని ఇస్తారు కానీ సొంతంగా వేసుకోకూడదు, ముఖ్యంగా కడుపునొప్పి ఉన్నప్పుడు అసలే వద్దు. ఎందుకో తరువాతి మాట చదివితే తెలుస్తుంది.

బ్యాగు ఖాళీగా ఉండిపోతే

ఆపరేషను జరిగిన కడుపులో పేగుల మధ్య అతుకులు పడతాయి. అంతకుముందు ఇబ్బంది పెట్టని అతుకు, గర్భసంచి పెరిగి పేగులను పక్కకు నెట్టినప్పుడు బిగుసుకోవచ్చు, పేగు దాని చుట్టూ మెలిపడవచ్చు. గర్భసంచి కటి ప్రదేశం నుంచి పొట్టలోకి లేచే 16 నుంచి 20 వారాల సమయం, బిడ్డ తల కిందికి దిగే 36వ వారం ప్రాంతం, కాన్పు అయ్యాక గర్భసంచి ఒక్కసారిగా కుంచించుకునే రోజులు, ఈ మూడు సమయాల్లో పేగుకు అడ్డు పడే అవకాశం ఎక్కువ. వీటిని క్యాలెండరులో గుర్తు పెట్టుకోమని నేను చెబుతాను.

దీని లక్షణాలు గర్భంలో మామూలుగా వచ్చేవాటితో కలగాపులగమై కనబడతాయి. వాంతి అయితే వేవిళ్ళనుకుంటారు, కడుపు ఉబ్బితే నెలలు నిండుతున్నాయనుకుంటారు, ఉండి ఉండి నొప్పి వస్తే కాన్పు నొప్పులనుకుంటారు. తేడా చూడవలసినది బ్యాగులో. ఇలియోస్టమీ రోజంతా ఎంతో కొంత పని చేస్తూనే ఉంటుంది. మూడు నాలుగు గంటలు గడిచినా ఏమీ రాక, బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి ఉంటే అడ్డు పడిందేమోనని అనుమానించాలి. ఒక్కోసారి పూర్తిగా ఆగకుండా, అడ్డు పక్కనుంచి దుర్వాసనతో నీళ్ళలాంటిది చిమ్ముతూ వస్తుంది. అది విరేచనమనుకుని లోపెరమైడ్ వేసుకుంటే పరిస్థితి విషమిస్తుంది. స్టోమా వాచి, రంగు మారడం మరొక గుర్తు. పొట్ట మీద అరచెయ్యి ఆనించినప్పుడు గర్భసంచి మొత్తం రాయిలా గట్టిపడి, నిమిషం తరువాత మెత్తబడుతుంటే అవి కాన్పు నొప్పులు కావచ్చు. రెండింటిలో ఏదైనా వెళ్ళవలసింది ఆసుపత్రికే కనుక, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని ప్రయత్నించకండి.

నొప్పి మొదలై, వాంతులు లేకపోతే, ఆసుపత్రికి ఫోను చేసి చెప్పి, చేయదగినవి కొన్ని ఉన్నాయి. గట్టి ఆహారం ఆపేయాలి. స్టోమా వాచి ఉంటే బిగుతుగా ఉన్న బ్యాగు తీసి, రంధ్రం కాస్త పెద్దదిగా కత్తిరించిన కొత్తది పెట్టుకోవాలి. ఎడమవైపు తిరిగి పడుకోవాలి, లేదా చేతులు, మోకాళ్ళ మీద వంగి కాసేపు ఉండాలి, అప్పుడు గర్భసంచి బరువు పేగుల మీదనుంచి ముందుకు జారుతుంది. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం, స్టోమా చుట్టూ నెమ్మదిగా నిమరడం కొందరికి పనిచేస్తాయి. ఓఆర్‌ఎస్ గుక్కలుగా తాగవచ్చు. వాంతి అయినా, నొప్పి పెరుగుతున్నా, మొత్తం మీద నాలుగు గంటలు దాటినా ఇక ఇంట్లో ఉండకూడదు, 108కి ఫోను చేయడానికి సంకోచించకూడదు. విరేచనం మాత్రలు, ఆముదం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు; మూసుకున్న గొట్టంలోకి ఒత్తిడి పెంచడమే అవుతుంది.

ఆసుపత్రిలో నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, ముక్కులోనుంచి గొట్టం వేసి, సెలైన్ పెడతారు, చాలాసార్లు దానితోనే అడ్డు విడిపోతుంది. చూడడానికి అల్ట్రాసౌండ్, ఎమ్మారై వాడతారు, వాటిలో రేడియేషన్ ఉండదు. అవి అందుబాటులో లేని చోట, ప్రాణం మీదికి వచ్చిన సమయంలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ అవసరమని డాక్టరు అంటే బిడ్డ భయంతో వద్దనకండి. ఒక్కసారి తీసే స్కాన్‌లో బిడ్డకు చేరే మోతాదు తక్కువ, కుళ్ళుతున్న పేగును గుర్తించకుండా వదిలేయడం తల్లికీ బిడ్డకూ కూడా చేటు. ఆపరేషను తప్పదని చెప్పినప్పుడు కూడా ఆలస్యం చేయకపోవడమే మేలు.

అడ్డు పడడానికి అతుకులు ఒక కారణమైతే, నమలని పీచు మరొకటి. మన వంటింట్లో వీటికి కొదవలేదు: పచ్చికొబ్బరి ముక్కలు, మొక్కజొన్న కంకులు, తేగలు, పనసతొనలు, చెరకు, బత్తాయి తొనల మీది పొర, వేరుశనగ పప్పులు, పీచు మామిడి, మునక్కాడ నమిలి పిప్పి మింగడం. నోరూరడం గర్భిణికి సహజం కనుక పూర్తిగా మానమనడం కంటే మార్చుకోమనడం నయం. కొబ్బరిని మెత్తగా రుబ్బి పాలు పిండుకోవచ్చు, మామిడిని రసం తీసి వడగట్టవచ్చు, మునక్కాడ గుజ్జు మాత్రం గీకి తిని పిప్పి ఉమ్మేయవచ్చు, ఆకుకూర కాడలు తీసేసి పప్పులో మెత్తగా ఉడికించుకోవచ్చు. శ్రీమంతం రోజున చుట్టాలందరూ తలా ఒక ముద్ద తినిపిస్తారు, ఆ రోజు చిన్న ముద్దలు, నెమ్మదిగా నమలడం, వేరుశనగ, కొబ్బరి ఉన్నవి పక్కన పెట్టడం అని ముందే ఇంటివాళ్ళకు చెప్పి ఉంచండి.

స్టోమా ఆకారం మారినప్పుడు

అయిదో నెల ప్రాంతంలో ఒకామె నా దగ్గరికి వచ్చి, బ్యాగుల కంపెనీ నాసిరకం సరుకు పంపుతోందని, నాలుగు రోజులు నిలిచే బ్యాగు ఒక్కరోజులోనే కారుతోందని చెప్పింది. బ్యాగు తీసి చూస్తే తప్పు సరుకుది కాదు. పొట్ట సాగినప్పుడు, గుండ్రంగా 28 మిల్లీమీటర్లున్న స్టోమా నిలువుగా సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, ఆమె మాత్రం పెళ్ళికి ముందు ఇచ్చిన కొలతతోనే రంధ్రం కత్తిరించుకుంటోంది. పైన, కింద అంచు నొక్కుకుపోయి స్టోమా మీద ఎర్రటి గీత, పక్కలకు ఖాళీ ఉండి అక్కడి చర్మం మండి నీరు కారుతోంది. పొట్ట ముందుకు రావడం వల్ల ఆమెకు అది కనబడడమే లేదు.

మూడో నెల నుంచి రెండు వారాలకొకసారి, ఆరో నెల తరువాత వారానికొకసారి కొలుచుకోవాలి. బీరువా అద్దం ముందు నిలబడి, చేతిలో మరో చిన్న అద్దాన్ని పొట్ట కింద వాలుగా పట్టుకుంటే స్టోమా కింది అంచు కనబడుతుంది. చేతులు ఖాళీగా ఉండాలంటే ఆ చిన్న అద్దాన్ని స్టూలు మీద చీపురు కట్టకో బకెట్టుకో ఆనించి పెట్టుకోవచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని స్టోమా మీదుగా చర్మానికి ఆనించి, స్కెచ్ పెన్నుతో అంచు గీసి, ఆ గీతకు బయట 2 నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తే అదే ఆ వారానికి అచ్చు. బ్యాగు అతికే బేస్‌ప్లేటు మీద దానిని పెట్టి గీసి కత్తిరించుకోవాలి. గట్టి ప్లేటు సాగే పొట్ట మీద అంచుల్లో లేచిపోతుంది, మెత్తగా వంగే రకం నయం. సాగిన చర్మం లాగడం వల్ల స్టోమా ఎత్తు తగ్గి చర్మానికి సమంగా చదునైపోతే, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండే ప్లేటు దానిని ముందుకు తెస్తుంది. ఎంత ఉబ్బెత్తు కావాలో స్టోమా నర్సు చూసి చెప్పాలి. మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకుంటే బరువుకు ప్లేటు ఊడదు.

పొట్ట మీద చారలు పడకుండా నూనె రాయడం ఇళ్ళల్లో మామూలు. స్టోమా చుట్టూ అరచెయ్యి వెడల్పు మేర నూనె, పసుపు, క్రీములు ఏవీ రాయకూడదు, ప్లేటు అంటుకోదు. మండిన చర్మాన్ని గోరువెచ్చటి నీళ్ళతో మాత్రమే కడిగి, అద్ది ఆరబెట్టి, స్టోమా పౌడరు చల్లి, అదనంగా ఉన్నది దులిపేశాక ప్లేటు అతికించాలి. పొడి మందంగా మిగిలితే అది కూడా పట్టు వదిలేస్తుంది.

తుడిచేటప్పుడు స్టోమా మీద రెండు చుక్కల రక్తం కనబడితే కంగారు అక్కరలేదు, గర్భంలో అక్కడికి రక్తప్రసారం పెరుగుతుంది. చల్లటి తడిగుడ్డతో అయిదు నిమిషాలు ఒత్తి పట్టుకుంటే ఆగుతుంది. ఆగకపోయినా, రక్తం స్టోమా లోపలినుంచి వస్తున్నా చూపించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న స్టోమా ఎర్రగా, తడిగా ఉంటుంది. ఊదాగా, నల్లగా మారితే గంటలు లెక్కపెట్టకుండా వెళ్ళాలి. స్టోమా పొడవుగా బయటికి జారితే వెల్లకిలా కాకుండా ఎడమవైపుకు ఒరిగి పడుకోండి, తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పండి. చాలాసార్లు దానంతట అది లోపలికి వెళుతుంది, వెళ్ళకపోయినా రంగు బాగుండి పని చేస్తుంటే పెద్ద బ్యాగుతో నెట్టుకురావచ్చు. చేత్తో బలవంతంగా తోయకండి. స్టోమా పక్కన హెర్నియా ఉబ్బు కనబడితే బరువులెత్తడం మాని, దగ్గేటప్పుడు చేత్తో అదిమి పట్టుకోవాలి, ఆపరేషను సంగతి కాన్పు తరువాత చూసుకుంటారు.

మాత్రలు

బ్యాగు ఖాళీ చేసేటప్పుడు మాత్ర మాత్రలాగే కనబడితే అది మీకు పనిచేయలేదని అర్థం. పైపూత వల్ల పేగులో ఆలస్యంగా కరిగేవి, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యేవి ఇలియోస్టమీ ఉన్నవారిలో కరగకముందే బయటపడవచ్చు. సొంతంగా నూరి వేసుకోకుండా, ద్రవ రూపంలోనో వెంటనే కరిగే రకంలోనో రాయమని అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది సరిగా ఇమడకపోతే హిమోగ్లోబిన్ చూసి ఐరన్ సూదిమందుగా ఎక్కిస్తారు. ఐరన్‌తో బ్యాగులోనిది నల్లగా వస్తుంది, దానికి భయపడవద్దు. చిన్నపేగు చివరి భాగం రెండడుగుల దాకా తీసివేసినవారికి బి12 విటమిన్ నోటి ద్వారా అందదు, ఇంజెక్షను తప్పదు. సల్ఫాసలజీన్ వాడేవారికి ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచాలి.

గుండెమంటకు తాగే తెల్లటి సిరప్పుల్లో చాలావాటిలో మెగ్నీషియం ఉంటుంది, అది స్టోమా నుంచి నీళ్ళలా పోయేలా చేస్తుంది. మరో రకం రాయించుకోండి. షుగరు పరీక్ష కోసం 75 గ్రాముల గ్లూకోజు ఒక్కసారిగా తాగమన్నప్పుడు మీకు స్టోమా ఉందని ముందే చెప్పండి, కొందరికి అది కొన్ని గంటల పాటు బ్యాగును ముంచెత్తుతుంది.

పుట్టింటికి వెళ్ళేముందు, కాన్పు సమయంలో

ఆపరేషను హైదరాబాదులోనో వెల్లూరులోనో జరిగి ఉంటుంది, కాన్పుకు మాత్రం ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళతారు. ఆచారం మంచిదే కానీ, ఆ ఊరికి గంటలోపు దూరంలో గైనకాలజిస్టుతో పాటు పేగు ఆపరేషన్లు చేసే సర్జన్, రక్తనిధి, పసిబిడ్డల వైద్యం ఉన్న ఆసుపత్రి లేకపోతే ఈసారికి అమ్మనే మీ ఇంటికి రప్పించుకోవడం మేలని నా అభిప్రాయం. వెళ్ళినా వెళ్ళకపోయినా డిశ్చార్జి కాగితాలు, ఆపరేషనులో ఏ భాగం ఎంత తీశారో రాసిన నోట్సు, ఒక నెలకు సరిపడా బ్యాగులు, మీ కొలతల పుస్తకం ఒక సంచిలో కట్టి ఉంచండి. చిన్న ఊళ్ళలో బ్యాగులు అప్పటికప్పుడు దొరకవు.

స్టోమా ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయనవసరం లేదు. మలద్వారం చుట్టూ క్రోన్స్ జబ్బు రగులుతున్నప్పుడు, లేదా మామూలుగా ఏ గర్భిణికైనా చేయవలసిన కారణాలున్నప్పుడు చేస్తారు. మలద్వారం తీసివేసి కుట్టినవారు ఆ సంగతి గైనకాలజిస్టుకు ప్రత్యేకంగా చెప్పాలి, కాన్పు కోత పెట్టేటప్పుడు అక్కడి పాత మచ్చ లెక్కలోకి రావాలి. సిజేరియన్ అయితే అతుకుల వల్ల కడుపు తెరవడం కష్టం కావచ్చు కనుక సర్జన్ అందుబాటులో ఉండేలా ముందే మాట్లాడుకోవాలి, కోత ఎక్కడ పెడితే బ్యాగుకు అడ్డు రాదో చూపించుకోవాలి. ఆ రోజు స్టోమా రంగు కనబడే పారదర్శకమైన బ్యాగు పెట్టుకోండి.

రెండు మాటలు లేబర్ రూములో మీరే గట్టిగా చెప్పాలి, మీతో ఉన్నవారికి కూడా నేర్పించండి. ఎనిమా వద్దు, విరేచనం మందు వద్దు. "రాత్రినుంచి ఏమీ తినకు, తాగకు" అన్నప్పుడు, బ్యాగు ఆగదు కనుక ఆ క్షణం నుంచే సెలైన్ మొదలుపెట్టమని అడగాలి.

బాలింత రోజులు

బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే ఒళ్ళు నీరు పడుతుందని లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఇలియోస్టమీ ఉన్న బాలింతకు ఈ పథ్యం ప్రమాదకరం, పాలివ్వడం వల్ల ఆమెకు కావలసిన ద్రవం ఇంకా పెరుగుతుంది. ప్రతిసారీ పాలు పట్టేముందు పక్కన ఒక గ్లాసు ఉప్పు మజ్జిగో గంజో ఓఆర్‌ఎస్సో పెట్టుకోవడం మంచి పద్ధతి. సొంఠి, వెల్లుల్లి, కారప్పొడి పెట్టినా కొద్దిగా మొదలుపెట్టి బ్యాగు ఎలా ఉందో చూసుకుని పెంచుకోండి. నడుముకు చీర బిగించి కట్టేవారు స్టోమా మీద నొక్కు పడకుండా చూడాలి. పడితే పేగుకు దారి మూసుకుంటుంది, బ్యాగు పక్కనుంచి కారుతుంది. స్టోమా ఉన్న చోట తెరిపి ఉండే బెల్టు సర్జనును అడిగి తీసుకోవచ్చు.

కాన్పు అయిన మొదటి వారంలో నొప్పి వస్తే అది గర్భసంచి కుంచించుకునే నొప్పేనని తేలిగ్గా తీసుకోకండి, బ్యాగులోకి వస్తోందో లేదో చూడండి. పొట్ట తగ్గే కొద్దీ స్టోమా కూడా చిన్నదవుతూ వస్తుంది కనుక తొమ్మిదో నెల అచ్చును పారేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ప్రతి వారం కొత్తగా కొలుచుకోవాలి. బిడ్డను ఎత్తుకున్నప్పుడు కాళ్ళు బ్యాగు వైపు కాకుండా ఎడమవైపు వచ్చేలా పట్టుకోవడం మొదట్లోనే అలవాటు చేసుకోండి. నాలుగో నెల వచ్చేసరికి ఆ కాళ్ళు తన్నడం నేర్చుకుంటాయి.